రెండోసారి అడిగే డాక్టరమ్మ

ఆటోనగర్‌లో నా షెడ్డులో లేత్ మిషను తిరుగుతుండగా ఫోన్ మోగింది. డాక్టర్ సుగుణకుమారి గారి క్లినిక్‌లో చీటీలు ఇచ్చే అప్పయ్యమ్మ.

"డాక్టరమ్మ ఎల్లిపోనారు బాబూ."

"ఎక్కడికి?" అన్నాను. రాజోలులో తమ్ముడింటికి వెళ్ళారేమో అనుకున్నాను. వాయిదా దగ్గర పడుతుంటే ఇప్పుడు ఊరు వెళ్ళడమేమిటని కొంచెం విసుక్కున్నాను కూడా.

"ఎక్కడికేటి బాబూ, ఏటా మాట? పొద్దున్న కాఫీ కలిపి ఇచ్చినాను. తాగనేదు. కుర్సీలో అలగే ఉండిపోనారు."

మిషను స్విచ్ ఆపాను. కరెంటు ఆపాక కూడా ఇనుము కాసేపు తన ఊపులో తను తిరుగుతుంది. అది పూర్తిగా ఆగేవరకు దాన్నే చూస్తూ నిలబడ్డాను. ఏడుపు రాలేదు. ఇన్నేళ్ళ తిరుగుడు తర్వాత నాకు ఏ వార్త విన్నా ముందు వచ్చేది అలసటే. ఆ వెనక వచ్చిన ఆలోచన చెప్పడానికి సిగ్గుపడను. ఆవిడ నా కేసులో సాక్షి. ఆవిడ సాక్ష్యం సగంలో ఆగి ఉంది.

ఆవిడను ఎరగనివారి కోసం నాలుగు మాటలు. తండ్రికి పోర్టులో ఉద్యోగం రావడంతో చిన్నప్పుడే గోదావరి జిల్లా నుంచి విశాఖపట్నం వచ్చారు. ఇక్కడే చదివారు, ఇక్కడే డాక్టరయ్యారు. పెద్ద ఆసుపత్రులు పిలిచినా పోలేదు. వన్ టౌన్‌లో, ఫిషింగ్ హార్బర్‌కు నడిచి వెళ్ళేంత దూరంలో రెండు గదుల క్లినిక్ పెట్టుకుని, కన్నుమూసే ముందు రోజు దాకా రోగుల్ని చూశారు. పెళ్ళి చేసుకోలేదు. బొంగురు గొంతు. నన్ను తిట్టినా మాట చివర 'అండి' తప్పేది కాదు.

డాక్టర్ల సంఘం వారు సంతాప సభ పెట్టారు. ఫోటోకు దండ వేశారు. ఆవిడ హస్తవాసి గురించి, సేవాభావం గురించి చాలామంది మాట్లాడారు. వారిలో ఒకాయన నా కాగితాలన్నీ చూసి "తప్పు స్పష్టంగా ఉందయ్యా, కానీ నా పేరు ఎక్కడా రాయొద్దు" అని నన్ను పంపేసిన పెద్దమనిషి. కేసులో సంతకం పెట్టాక ఆవిడను ఏ సమావేశానికీ పిలవని పెద్దలు ముందు వరుసలో కూర్చున్నారు. ఆవిడ సాక్షిగా బోను ఎక్కిన సంగతి ఒక్కరూ ఎత్తలేదు. నేను లేచి మైకు అడిగాను.

"మీరు పేషెంటా?" అన్నాడు సభ నడిపే యువకుడు.

"కాదు. ఆవిడ నా కేసులో సాక్షి."

అతను ముందు వరుసవైపు చూశాడు. "రెండే నిమిషాలండీ" అని మైకు ఇచ్చాడు. నా భార్య పేరు చెప్పేసరికి టీ వచ్చిందని ప్రకటించారు. అక్కడ చెప్పనివ్వని సంగతి ఇక్కడ రాస్తున్నాను.

నా భార్య నూకరత్నం. పిత్తాశయంలో రాళ్ళున్నాయంటే ఊళ్ళో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్పించాను. ఆపరేషన్ బాగా జరిగిందన్నారు. మర్నాడు మధ్యాహ్నం భోజనాల వేళకి రత్నం దుప్పటి అడిగింది. కప్పాను. ఫ్యాను ఆపాను. అయినా మంచం కటకటలాడేలా వణుకుతోంది. డ్యూటీ డాక్టరును పిలిపించాను. కుర్రవాడు. మా ప్రాంతంవాడు కాదు. గుమ్మం దగ్గరే నిలబడి, ఫోన్ చూసుకుంటూ "ఏమ్మా?" అన్నాడు.

"సలిపెడతంది బాబూ" అంది రత్నం.

"కోసిన చోట సలుపు పెట్టదామ్మా? మామూలే. ఇంజెక్షన్ రాస్తాను."

ఈ ఒక్క మాట దగ్గరే నా జీవితం ఆగిపోయింది కనుక కాస్త వివరిస్తాను. మా ఉత్తరాంధ్ర నోట 'చ' చాలాసార్లు 'స' అవుతుంది. చేపలు మాకు సేపలు. చలి మాకు సలి. సలుపు మాత్రం అందరికీ సలుపే. నీరసంగా ఉన్న మనిషి గబగబా 'సలిపెడతంది' అంటే, అలవాటు లేని చెవికి 'సలుపెడతంది' అని వినబడవచ్చు. సలుపు నొప్పి. ఆపరేషన్ అయిన మనిషికి ఒళ్ళు కుదిపేసే చలి వస్తే మాత్రం లోపల చీము పడుతోందేమోనని పరుగెత్తాలి. ఇదంతా నాకు అప్పుడు తెలియదు. చలి అని మాత్రం తెలుసు.

"సలుపు కాదు సార్, సలి. వణుకుతంది చూడండి" అన్నాను.

"డాక్టరు నువ్వా, నేనా?" అన్నాడు.

'నువ్వు' అన్నాడు. అతనికి నా కొడుకు వయసు ఉంటుంది. అన్నవాడు ఆ పూటే మరిచిపోయి ఉంటాడు. నాకు అతని చొక్కా రంగు కూడా గుర్తుంది. నొప్పి ఇంజెక్షన్‌తో వణుకు తగ్గింది, రత్నం నిద్రపోయింది, 'చూశారా' అన్నట్టు నర్సు నావైపు చూసింది. మర్నాటికి రత్నానికి మనిషిని గుర్తుపట్టే శక్తి లేదు. మళ్ళీ కోశారు. ఆ గదిలోంచి ఆమె మాట్లాడుతూ బయటికి రాలేదు. తర్వాత నేను ఎన్నిసార్లు వెళ్ళినా ఆ ఆసుపత్రిలో నాకు దొరికిన జవాబు ఒకటే. రోగి నొప్పి అంది, నొప్పికి మందిచ్చాం.

కేసు వేశాను. వైద్యంలో తప్పుందని ఇంకో డాక్టరు చెబితే తప్ప మన మాటకు విలువ లేదని మా ప్లీడరు గారు చెప్పారు. ఊళ్ళో తిరిగాను. మధురవాడ నుంచి గాజువాక దాకా ఎన్ని గుమ్మాల ముందు కూర్చున్నానో! కొందరు లోపలికి రానివ్వలేదు. కొందరు రానిచ్చి, చదివి, నిట్టూర్చి, నీళ్ళిచ్చి పంపారు. చివరికి హార్బర్‌లో చేపలమ్మే మా మరదలు పైడమ్మ చెప్పింది. "బావా, ఊరంతా తిరగతన్నావు గానీ మా బొంగురుగొంతు డాక్టరమ్మ కాడికి ఎల్లినావా? ఆవిడకి బయం నేదు. బయపెట్టడమే వొచ్చు."

వెళ్ళిన మొదటి రోజు ఆవిడ నన్ను రోగులందరూ అయ్యేవరకు బయట కూర్చోబెట్టారు. అదీ గుర్తుంది నాకు. తర్వాత లోపలికి పిలిచి, నేను రాసి తెచ్చిన ఫిర్యాదు చదివి, పక్కన పెట్టారు.

"ఇందులో 'హంతకులు' అని చాలా చోట్ల ఉందండి."

"ఉంటుంది మరి."

"మీ కోపాన్ని కాగితం మీద పెడితే, చదివేవాళ్ళకి కోపం ఒక్కటే కనబడుతుందండి. జరిగింది పెట్టండి. మీ ఆవిడ దుప్పటి అడిగారన్నది ఎక్కడా రాయలేదేం?"

అది రాయాల్సిన విషయమని నాకు తట్టలేదు. ఆ ఒక్క ప్రశ్న అంత తిరుగుడులో ఇంకే డాక్టరూ అడగలేదు. వైద్యంలో తప్పుందని రాసి సంతకం పెడతానన్నారు. పెట్టాక ఏమవుతుందో ఆవిడకు తెలుసు. కొద్దికాలానికే తోటి డాక్టర్లు రోగుల్ని పంపడం మానేశారు. ఇళ్ళలో శుభకార్యాలకు పిలవడం మానేశారు. అదేమిటని అడిగితే "పెళ్ళి భోజనాలు తగ్గాయండి, నా బీపీకి మంచిదే" అన్నారు.

కేసు పని మీద ఆ క్లినిక్‌కు వెళ్ళి వెళ్ళి ఆవిడ వైద్యం చేసే తీరు చూశాను. రోగి చెప్పింది వినేవారు. తర్వాత అదే మాటను రోగికే తిరిగి చెప్పేవారు. "నువ్వు చెప్పింది ఇదేనా అమ్మా? కాకపోతే కాదను" అనేవారు. రోగి ఔనన్నాక నుదుటి మీద చెయ్యి వేసి, మళ్ళీ అడిగేవారు. హార్బర్ ఆడవాళ్ళకు ఇది పెద్ద వేళాకోళం.

"డాక్టరమ్మా, ఒకటోసారి, రెండోసారి అంతన్నావు. నా దగ్గుని ఏలం ఏత్తన్నావేటి?" అందొకామె నా ముందే.

"పాడుకునేవాళ్ళు ఎవరూ లేరే, నీ దగ్గు నీకే మిగిలింది" అన్నారు ఆవిడ. అప్పుడా గదిలో నవ్వనివాడిని నేనొక్కడినే. వెనకాల అప్పయ్యమ్మతో నా గురించి "ఆయనకి కోపమే ఉద్యోగం, లేత్ మిషను ఖాళీ వేళల్లో పని" అన్నారు. తలుపు పల్చన అని ఆవిడ మరిచిపోయారు. నేను మరిచిపోలేదు.

వాయిదాల మీద వాయిదాలు పడ్డాక ఆవిడ సాక్ష్యం రోజు వచ్చింది. మా ప్లీడరు అడిగినవాటికి నిదానంగా జవాబులు చెప్పారు. ఒళ్ళు కుదిపే చలి అంటే ఏమిటో, అప్పుడు ఏం చేయాలో చెప్పారు. నాకు చాలా కాలం తర్వాత వీపు కుర్చీకి ఆన్చి కూర్చోవాలనిపించింది. తర్వాత అవతలి లాయరు లేచాడు.

"మేడమ్, మీరు గోదావరి జిల్లా వారు కదా? ఇక్కడి యాస మీకెప్పుడైనా తప్పుగా వినబడిందా?"

"వినబడిందండి."

"ఏ మాట?"

"ఇదే మాటండి. కొత్తగా డాక్టరైన రోజులవి. ఒక బాలింత 'సలిపెడతంది' అంది. నేను సలుపనుకున్నాను. కుట్ల దగ్గర నొప్పి అనుకుని బిళ్ళ ఇచ్చాను. ఆ బాలింత దక్కలేదు."

ఆ గదిలో అందరికంటే ఎక్కువగా అదిరిపడింది నేనే అయి ఉంటాను. ఆ సంగతి ఆవిడ నాకు ఎప్పుడూ చెప్పలేదు. లాయరు కూడా అంత జవాబు ఆశించినట్టు లేదు. వెంటనే తేరుకున్నాడు.

"అంటే మంచి డాక్టర్లకు కూడా ఇలా జరగవచ్చు."

"జరగవచ్చండి. అయితే ఇంకా ఉందండి..."

"ఈ రోజుకి చాలు సార్. మిగతాది వాయిదా కోరుతున్నాను" అన్నాడతను జడ్జి గారి వైపు తిరిగి.

టైపు చేస్తున్నామె 'జరగవచ్చు' దగ్గర చెయ్యి ఆపింది. అక్కడితో ముగిసింది.

మెట్ల మీద ఆవిడను నిలదీశాను. "మీరు మాకు సాక్షా, వాళ్ళకి సాక్షా?"

"సాక్షి ఎవరికీ కాదండి సూరిబాబు గారూ. జరిగినదానికి."

"మీ నిజాయితీ మీకు మిగిలింది. నా కేసు పోయింది."

"ప్రమాణం చేసి కూర్చున్నానండి. అడిగారు. ఏం చెప్పమంటారు?"

ఆటో ఎక్కి వచ్చేశాను. ఆవిడను తీసుకొచ్చినవాడిని నేనే, తిరిగి దింపాల్సినవాడినీ నేనే. ఆవిడ బస్సులో వెళ్ళారట. చాలా రోజులు ఫోన్ చేయలేదు. ఒకసారి అప్పయ్యమ్మే చేసింది. "ఏటి బాబూ, అలకా? కొత్తల్లుడికైతే బాగుంటాది గానీ, నీకేటి అలక? డాక్టరమ్మ నీకోసం అడుగుతన్నారు. రేపు వాయిదాకి వొత్తావా, నాను తీసుకెల్లాలా?"

వెళ్ళాను. ఆ రోజు అవతలి లాయరుకు జ్వరమన్నారు. తర్వాతి వాయిదాకు ఆయన వేరే కోర్టులో ఉన్నాడన్నారు. ఆ తర్వాత ఇంకేదో. ప్రతిసారీ ఆవిడ ఇస్త్రీ చేసిన నేత చీర కట్టుకుని, మందుల సంచీ, పెరుగన్నం డబ్బా పట్టుకుని వచ్చేవారు. మోకాళ్ళు నొప్పి. వరండాలో బల్ల మీద ఇద్దరం కూర్చునేవాళ్ళం. పెరుగన్నం సగం నాకు పెట్టేవారు. నేను వద్దనేవాడిని, ఆవిడ వినేవారు కాదు. ఆ బల్ల మీదే ఒకరోజు, సాక్ష్యంలో చెప్పనివ్వని మిగతా సగం నాకు చెప్పారు.

"తప్పుగా వినడం దాకా మనిషన్నవాడికి జరుగుతుందండి. నేను చేసిన పాపం అది కాదు. ఆ పిల్ల మీద చెయ్యి వెయ్యలేదు. వేసుంటే ఒళ్ళు కాలిపోయేది. మళ్ళీ అడగలేదు. దుప్పట్లు రెండు కప్పుకుని ఉంది, నాకు కనబడింది, ఎందుకని అనుకోలేదు. మీ ఆవిడ విషయంలో పక్కనున్న మీరు చెప్పారు కూడాను. చెప్పినా ఆ అబ్బాయి చూడలేదు. వినబడకపోవడం పొరపాటు, చూడకపోవడం నిర్లక్ష్యం. ఆ రెండో మాట అక్కడ చెప్పాలండి. అది చెప్పేదాకా నా మోకాళ్ళు పనిచేస్తే చాలు."

"ఆ పిల్ల వాళ్ళకి తెలుసా?" అని అడిగాను.

"వెళ్ళి చెప్పానండి. అప్పటికి పెద్దకర్మ కూడా అయిపోయింది. జాలారిపేటలో ఇల్లు. తప్పు నాదే, మీ పిల్ల చెప్పింది నేను సరిగ్గా వినలేదు అన్నాను. ఆ పిల్ల అత్త లేచి నన్ను చెంప మీద కొట్టింది. కొట్టి, కాసేపు ఏడ్చి, 'నిలబడ్డావేటి, కూకో' అంది. కూర్చున్నాను. ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. ఆ తర్వాత వాళ్ళింట్లో అందరికీ నేనే డాక్టర్ని."

పెరుగన్నం డబ్బాకు మూత పెట్టాను. రత్నం పోయాక నా ఇంటికి చుట్టాలు వచ్చారు, షెడ్డువాళ్ళు వచ్చారు, పార్టీలవాళ్ళు కూడా వచ్చి ఫోటో దిగి వెళ్ళారు. ఆ ఆసుపత్రి నుంచి ఒక్క మనిషి రాలేదు. ఆ కుర్ర డాక్టరు వచ్చి ఉంటే నేనూ కొట్టేవాడినే. కొట్టాక కూర్చోమనేవాడినో కాదో చెప్పలేను. ఆ సంగతి తేలే అవకాశం నాకు ఎవరూ ఇవ్వలేదు.

ఆ రోజు కూడా కేసు వాయిదా పడింది. మరుసటి వాయిదాకు ముందే అప్పయ్యమ్మ ఫోన్ వచ్చింది.

అంత్యక్రియలకు హార్బర్ నుంచి వచ్చిన జనాన్ని చూసి ఆవిడ తమ్ముడు బిత్తరపోయాడు. తెల్లవారకముందే వేలం చూసుకుని, తడి చీరలతో, చేపల వాసనతో అలాగే వచ్చారు ఆడవాళ్ళు. ఒకామె శవం నుదుటి మీద చెయ్యి వేసి "ఏటైనాది అమ్మా?" అని అడిగింది. మళ్ళీ అడిగింది. పక్కనున్నవాళ్ళు ఆమెను లేపి తీసుకెళ్ళారు.

మా ప్లీడరు గారు మంచివారే. నాతో ఓపిక పట్టినవాళ్ళు తక్కువ, ఆయన పట్టారు. కర్మలు అయ్యాక పిలిచి కూర్చోబెట్టి చెప్పారు. "సూరిబాబు గారూ, అవతలివాళ్ళ క్రాస్ ప్రశ్నలు పూర్తి కాకుండానే సాక్షి పోయారు. రికార్డులో ఉన్న ఆఖరి మాట వాళ్ళకి పనికొచ్చేది. ఆవిడ సాక్ష్యం మొత్తాన్ని పక్కన పెట్టమని మనమే అడుగుదాం. మళ్ళీ ఇంకో డాక్టర్ని, ఈ ఊరివాళ్ళు కాకపోతే పక్క రాష్ట్రం నుంచైనా చూసుకుందాం. ఉంచితే, 'జరగవచ్చు' అన్న మాట పట్టుకుని వాళ్ళు మనల్ని ముంచేస్తారు."

ఆవిడ నాతో బల్ల మీద చెప్పిన మిగతా సగాన్ని రాసిస్తానన్నాను. చనిపోయినవారు చెప్పారని నేను చెబితే చెల్లదన్నారు. పత్రికలో వేయిస్తానన్నాను. వేయించండి, అదీ సాక్ష్యం కాదన్నారు. ఆలోచించుకోమన్నారు.

ఆలోచించాను. ఆయన చెప్పింది నాకు లాభమే. ఎన్నేళ్ళుగానో నేను కోరుకుంటున్నది ఈ కేసు గెలవడం. ఇంట్లో రత్నం ఫోటో ముందు కూర్చుంటే వేరే మాట తోచదు. ఆవిడ సాక్ష్యం తీసేస్తే నా దారికి అడ్డం తొలగుతుంది. పైగా ఆవిడ పేరు మీద ఆ మచ్చ కూడా కాగితంలో మిగలదు, ఆవిడకూ మేలే కదా అని ఎవరైనా అనవచ్చు. పైడమ్మను అడిగాను. ఆమె బుట్ట దించి, చీర కొంగుతో చేతులు తుడుచుకుని, "ఆవిడ సెప్పిన నిజాన్ని నువ్వెలగ తీసేత్తావు బావా? నీదేటి అది?" అంది. నాకు కోపం వచ్చింది. ఆమె తప్పు మాట అన్నందుకు కాదు, సరైన మాట అన్నందుకు.

ప్లీడరు గారికి చెప్పేశాను. ఆవిడ సాక్ష్యం ఉన్నది ఉన్నట్టే ఉంటుంది.

ఎందుకో ఇక్కడ చెబుతాను. నేను ఇంతమంది డాక్టర్లను చూశాను. తప్పు చేసినవాళ్ళు ఉన్నారు, తప్పు చూసి తల తిప్పుకున్నవాళ్ళు ఉన్నారు. 'నావల్ల ఒక మనిషి పోయింది' అని ప్రమాణం చేసి, తన పేరు మీద, కోర్టులో అందరూ వింటుండగా చెప్పిన డాక్టరు నాకు ఒక్కరే దొరికారు. నేను ఆ ఆసుపత్రి గుమ్మంలో నిలబడి ఇన్నేళ్ళుగా అడిగిన మాట అదే. అది నాకు రావాల్సినవాళ్ళ నోట రాలేదు. ఆవిడ నోట, వేరే ఇంటి పిల్ల గురించి వచ్చింది. వచ్చిన ఒక్కదాన్నీ నా చేత్తో కొట్టివేయించి, ఇక మీరూ చెప్పండని వాళ్ళను ఏ ముఖంతో అడుగుతాను?

వచ్చే వాయిదాకు అవతలి లాయరు ఆ వాక్యం గట్టిగా చదువుతాడు. చదవనీ. నేను అక్కడే కూర్చుని వింటాను. కేసు పోతే పై కోర్టుకు వెళ్తాను. అలసిపోయాను, మోకాళ్ళ నొప్పులు నాకూ మొదలయ్యాయి, అయినా వెళ్తాను. ఈ ఊళ్ళో మంచి డాక్టర్లు ఇంకా ఉన్నారని అంటున్నారు. ఉండవచ్చు. నా కాగితం మీద సంతకం పెట్టిన డాక్టరు మాత్రం ఇక లేరు. ఆ రోజు మెట్ల మీద మిమ్మల్ని వదిలేసి ఆటో ఎక్కినందుకు మీరు నన్నొక మాట కూడా అనలేదు డాక్టరమ్మ గారూ. అని ఉంటే బాగుండేది. మీకు నా నమస్కారం.